రాజలక్ష్మి పేరుతో పది రోజులు

పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు గోడ వెంబడే కొంత దూరం నడిస్తే ఒక తెలుగు స్కూలు వచ్చేది. ప్యారిస్ కార్నర్ పక్క వీధుల్లో పప్పుల మండీలు నడిపే వర్తకులు తమ తాతల కాలంలో పెట్టిన స్కూలు అది. అందులో సైన్సు ల్యాబు అటెండరు కస్తూరి.

ఆ ఉద్యోగం నిజానికి ఆమె భర్త చిన్నస్వామిది. ఎనభై ఎనిమిదిలో కామెర్లు ముదిరి అతను పోతే, స్కూలు నడిపే సంఘంవాళ్ళు జాలిపడి ఆ పని కస్తూరికే ఇచ్చారు. పనితోపాటు స్కూలు వెనకున్న రెండు గదులూ ఆమెకే వదిలారు. ఆ గదులకి వీధిలోకి తలుపు లేదు. కూరకి పోవాలన్నా గుడికి పోవాలన్నా స్కూలు గేటులోంచే పోవాలి. గేటు తాళం వాచ్‌మన్ కాళిముత్తు దగ్గర ఉండేది. కాళిముత్తు హెడ్‌మిస్ట్రెస్ భువనేశ్వరమ్మ మాట తప్ప ఇంకెవరి మాటా వినేవాడు కాదు. పనిలో చేరిన రోజున సంఘం సెక్రటరీ జనార్దనం గారు, "కంప్లయింటు రానంత కాలం నీకేం భయం లేదమ్మా" అన్నారు. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. కస్తూరికి మాత్రం అందులో 'కంప్లయింటు' అన్న ఒక్క మాటే మిగిలింది. ఏడేళ్ళుగా ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు.

చదువుకోని మనిషేం కాదు. వ్యాసర్పాడి రైల్వే యార్డులో పనిచేసే తండ్రి ఆమెని ఎస్సెస్సెల్సీ దాకా చదివించాడు. సైన్సులో స్కూలుకే మొదటి మార్కు వచ్చింది. ఆ పైన చదివించే ఓపిక ఆయనకు లేకపోయింది. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ వయసులో ఆమె పరీక్షనాళికలు కడిగేది, సీసాల మీద పేర్లు అంటించేది, క్లాసు జరుగుతుంటే గోడకి ఆనుకొని నిలబడి పాఠం వినేది. ఆ పాఠం చెప్పేది రాజలక్ష్మి టీచర్. యాభై దాటిన మనిషి, నోరు మంచిదే. కాకపోతే అంతా పుస్తకంలోంచి చదివించేసేది. గాజు సామాను ముట్టుకుంటే పగిలిపోతుందని ఆవిడకి భయం.

తొంభై ఐదు వేసవిలో గిండీ దగ్గరున్న ఒక సైన్సు సంస్థ నుంచి స్కూలుకి ఉత్తరం వచ్చింది. అక్టోబరులో సూర్యగ్రహణం రాబోతోంది, దాన్ని పిల్లలకి చేతులతో చేయించి చూపించేందుకు టీచర్లకి పది రోజుల శిక్షణ ఇస్తాం అని రాశారు. టెలిస్కోపు అద్దం అరగదీయడం, నీటితో ఎగిరే రాకెట్టు, సూర్యుణ్ణి కళ్ళు చెడకుండా చూసే పద్ధతులు అన్నీ నేర్పుతామన్నారు. టీచరును పంపిన స్కూళ్ళకే గ్రహణం అద్దాలు, సామాను దొరుకుతాయి. భువనేశ్వరమ్మ రాజలక్ష్మి పేరు రాసి పంపింది. తీరా శిక్షణ రేపనగా వేలూరులో ఉన్న రాజలక్ష్మి కూతురికి నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. ఆవిడ ఉన్నపళంగా బయల్దేరి వెళ్ళిపోయింది.

భువనేశ్వరమ్మ కస్తూరిని గదిలోకి పిలిచింది.

"రేపట్నించి నువ్వు పో. పేరు పిలిస్తే ఉన్నానని చెప్పు. సంతకం పెట్టు. ఆడ కూచోని వచ్చేయి. అంతే."

"నేను అటెండర్ని గదమ్మా."

"ఆడ ఎవురికి తెలుసు? పది రోజులు నువ్వే రాజలక్ష్మి. ఇప్పుడు పేరు మారిస్తే సీటు పోతాది, సామాన్లు పోతాయి. సరేనా?"

కస్తూరి సరేనంది. ఆవిడ సరేనా అని అడిగిందే గాని, అది అడగడం కాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పన్నెండేళ్ళ కూతురు అక్షయకి అన్నం మూతపెట్టి, పెరంబూరులో రైలెక్కి సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్‌లో ఇంకో రైలెక్కి గిండీ చేరింది. పెద్ద హాలు, ముప్పై మంది టీచర్లు. పేర్లు పిలుస్తుంటే రాజలక్ష్మి అన్న పేరు రెండుసార్లు వచ్చింది. మూడోసారి గాని అది తననే అని ఆమెకి తట్టలేదు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఏ కాలేజీ అని ఒకరు అడిగితే రాజలక్ష్మి చదివిన కాలేజీ పేరు చెప్పింది. మీవారేం చేస్తారని అడిగితే బ్యాంకులో అంది. రాజలక్ష్మి భర్త బ్యాంకులో గుమాస్తా. తను మాత్రం పొద్దున్నే చిన్నస్వామి ఫోటోకి దండం పెట్టుకొని వచ్చింది.

ఆ అడిగిన ఆవిడ పేరు పంకజం. ఎన్నూరు పక్క స్కూల్లో టీచరు. ఆరేసిన బట్టల మీద పవర్‌స్టేషను బూడిద పడుతుందని, కాలువలో చేపలు కిరసనాయిలు వాసన కొడుతున్నాయని ఏవేవో చెప్పుకుపోయే మనిషి. రెండో రోజు సంచిలోంచి మల్లెపూల చెండు తీసి సగం తెంచి, "తిరుగు, పెడతాను" అంది. కస్తూరి వద్దనలేకపోయింది. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఏడేళ్ళ తరవాత తలలో పూలు. సాయంత్రం రైలు పెరంబూరు చేరకముందే వాటిని తీసి కిటికీలోంచి బయట పడేసింది. పంకజం మానలేదు, మిగతా రోజులన్నీ తెచ్చింది. కస్తూరి రోజూ పెట్టించుకుంది, రోజూ పారేసింది.

శిక్షణ నడిపే ఆయన పేరు ఆనందన్. రాకెట్ల పనిలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి తమిళంలో మాట్లాడేవాడు. పుస్తకం తెరవనిచ్చేవాడు కాదు. నీళ్ళు నింపిన డ్రమ్ము మీద ఒక గాజుబిళ్ళ బిగించి, దాని మీద గరుకు పొడి, నీళ్ళు వేసి, ఇంకో గాజుబిళ్ళను రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తోస్తూ డ్రమ్ము చుట్టూ నెమ్మదిగా నడవాలి. అలా రోజుల తరబడి తోస్తే పైబిళ్ళ మధ్యలో గుంటపడి టెలిస్కోపు అద్దం అవుతుంది. చాలామంది టీచర్లకు గంటలో చేతులు పడిపోయాయి. ఏడేళ్ళు ల్యాబు బల్లలు తోమిన చేతులకి అదొక లెక్క కాలేదు. కస్తూరి తోస్తుంటే చప్పుడు ఒకే తీరుగా వచ్చేది. ఆనందన్ కళ్ళు మూసుకొని ఆ చప్పుడు విని, "రాజలక్ష్మి గారి బిళ్ళ దగ్గరికి వచ్చి అందరూ వినండి" అన్నాడు. అందరూ వచ్చి నిలబడ్డారు. ఆమె తల ఎత్తలేదు.

ఆరో రోజున ఆయన ఒక ప్రశ్న వేశాడు. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు గుండ్రంగా ఎందుకుంటాయి, ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా అని. నోరు తెరవకూడదని పొద్దున్నే అనుకొని వచ్చిన కస్తూరి, తనకు తెలీకుండానే చెప్పడం మొదలుపెట్టింది. మా ల్యాబు కప్పు రేకులది, మేకులు ఊడిన చోట చిల్లులు ఉన్నాయి, ఒకటి పొడుగ్గా చిరిగింది, ఒకటి మూడు మూలలుగా ఉంది, నేల తుడిచేటప్పుడు చూస్తుంటాను, ఏ చిల్లు కింద చూసినా గుండ్రంగానే పడుతుంది, పగిలిన కిటికీలోంచి వచ్చే ఎండ మాత్రం ఆ పగులు ఆకారంలోనే పడుతుంది, చిన్న చిల్లయితే దాని ఆకారం పోయి సూర్యుడి ఆకారం పడుతుందేమో అని చాలాసార్లు అనుకున్నాను అంది.

ఆనందన్ బోర్డు దగ్గరి నుంచి నడిచి వచ్చి ఆమె ముందు ఆగాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను, పుస్తకంలో చదివి చెప్పినవాళ్ళు ఉన్నారు గాని చూసి చెప్పినవాళ్ళు లేరు అన్నాడు. గ్రహణం రోజున అదే చిల్లు కింద నెలవంక పడుతుంది, మీ పిల్లలకి చూపించండి అన్నాడు. వెనక్కి తిరగబోతూ ఆగి, మీ ల్యాబు నేల మీరే తుడుస్తారా అని అడిగాడు. "అటెండరు లీవులో ఉంటే" అంది కస్తూరి.

పదో రోజున సర్టిఫికెట్లు ఇచ్చారు. బంగారు అంచు కాగితం మీద రాజలక్ష్మి అని అందంగా రాసి ఉంది. కస్తూరి దాన్ని ఇంటికి కూడా తీసుకుపోకుండా నేరుగా భువనేశ్వరమ్మ బల్ల మీద పెట్టి, వెనక గదుల్లోకి వెళ్ళి అక్షయకి దోసెలు పోసింది.

అంతటితో ఐపోయిందనుకుంది. ఆగస్టులో ఇంకో ఉత్తరం వచ్చింది. శిక్షణలో అందరికంటే బాగా చేసిన రాజలక్ష్మి గారిని ఉత్తర మద్రాసు టీచర్లకి శిక్షకురాలిగా ఎంచుకున్నామని, నలభై మందికి ఒకరోజు శిక్షణ ఆవిడ స్కూల్లోనే పెడతామని, ఆనందన్ గారు స్వయంగా వస్తారని అందులో ఉంది. ఆ ఉత్తరం ముందు జనార్దనం గారి చేతిలో పడింది. ఆయన మురిసిపోయి సంఘం మీటింగులో చదివి వినిపించి, తప్పకుండా రండి అని జవాబు రాసేశారు. ఆ తరవాతే భువనేశ్వరమ్మకి సంగతి తెలిసింది.

రాజలక్ష్మి ఆ ఉత్తరం చదివి కూలబడిపోయింది. రిటైరవడానికి నాలుగేళ్ళుంది. పేరు మార్చి పంపారని బయటపడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కస్తూరి దగ్గరే నేర్చుకుంటానంది. స్కూలు వదిలాక ఇద్దరూ ల్యాబులో కూచున్నారు. కస్తూరి డ్రమ్ము తెచ్చి బిళ్ళలు పెట్టింది. రాజలక్ష్మి చేతుల్లోంచి బిళ్ళ జారి అంచు విరిగింది. నాలుగు సాయంత్రాలు ప్రయత్నించారు. ఐదో రోజు రాజలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నా పేరు నువ్వు పెద్దది చేసి తెచ్చిచ్చినావు కస్తూరీ. నేను దాంట్లో పట్టడం లేదు" అంది. కోపంగా అనలేదు, కానీ కస్తూరికి తాను ఏదో దొంగిలించినట్టు అనిపించింది.

చివరికి భువనేశ్వరమ్మే దారి చూసింది. శిక్షణ ఆదివారం పెట్టిద్దాం, పిల్లలు ఉండరు, మిగతా టీచర్లు ఉండరు, సెక్రటరీ గారు ఆ రోజు గుంటూరు మిరపకాయల పని మీద పోతున్నారు, రాజలక్ష్మి ఇంట్లోనే ఉంటుంది, కస్తూరి ఇంకొక్క రోజు రాజలక్ష్మి అవుతుంది అంది. కస్తూరి మొదటిసారిగా వద్దని చెప్పింది.

"నా వల్ల కాదమ్మా. ఈ ఇంట్లోనే, ఈ గేట్లోనే, ఇంకొకరి పేరుతో నిలబడలేను."

భువనేశ్వరమ్మ నెమ్మదిగా, "అట్లయితే ఇల్లు చూసుకుంటావా?" అని అడిగింది. ఆవిడ ముఖంలో కూడా భయమే ఉంది, కోపం లేదు. ఆ భయమే కస్తూరిని ఇంకా ఎక్కువ బిగించింది.

సెప్టెంబరులో ఆ ఆదివారం వచ్చింది. అక్షయ అమ్మా అని పిలిస్తే అసలు సంగతి బయటపడుతుందని, గదుల తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టమని కాళిముత్తుకి చెప్పారు. పిల్ల లోపలికి పోయి కూచుంది. ఇనప గొళ్ళెం పడుతుంటే కస్తూరి పక్కనే నిలబడి చూసింది.

తొమ్మిదింటికి నలభై మంది వచ్చారు. ఆనందన్ వచ్చాడు. పంకజం ఎన్నూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చి, రాగానే కనకాంబరాల మాల తీసి కస్తూరి జడలో పెట్టింది. కస్తూరి ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టించింది. తలకిందులుగా పెట్టిన సీసా స్కూలు మేడ దాకా లేస్తే, టీచర్లంతా తడిసిపోయి చిన్నపిల్లల్లాగా నవ్వారు. గాలి వెనక్కి నీళ్ళను తోస్తే సీసా ఎందుకు ముందుకి పోతుందో ఆమె రెండు మాటల్లో చెప్పింది. తరవాత అద్దం దగ్గరికి వచ్చింది. గాజు మీద చేతులు పెట్టాక ఆమెకి ఏమీ గుర్తులేదు, గొళ్ళెం కూడా గుర్తులేదు. తరవాత చాలాకాలం ఆమె తనను క్షమించుకోలేకపోయింది దానికే.

పదకొండింటికి గేటు దగ్గర కారు ఆగింది. జనార్దనం గారు గుంటూరు పోలేదు. తన స్కూలుకి ఇంతమంది పెద్దలు వస్తే చూడకుండా ఎలా అని ప్రయాణం మానుకొని వచ్చేశారు. నవ్వుకుంటూ హాల్లోకి నడిచి వచ్చి చుట్టూ చూశారు. ఆయనకి ఆ హాల్లో బాగా తెలిసిన ముఖం ఒకటే, ప్రతి మీటింగులోనూ కాఫీ తెచ్చిచ్చే ముఖం.

"ఏం కస్తూరీ, రాజలక్ష్మి టీచర్ యాడ? ముందు వచ్చినోళ్ళకంతా కాఫీ తెచ్చియ్యమ్మా."

ఆయన మామూలుగా అన్న మాట అది. ఆ మాట వినగానే కస్తూరి చేతులు గాజు వదిలేశాయి. ఏం చెప్పాలి, ఎటు చూడాలి అని మనసు ఆలోచించేలోపలే కాళ్ళు వంటపాక వైపు నడిచాయి. క్యానులోంచి గ్లాసుల్లోకి కాఫీ పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. గొళ్ళెం పెట్టిన తలుపు వెనకనుంచి అక్షయ అడిగింది.

"అయిపోయిందామ్మా?"

"అయిపోయిందే" అంది కస్తూరి.

పళ్ళెం పట్టుకొని హాల్లోకి వచ్చి వరసగా అందరికీ ఇచ్చుకుంటూ పోయింది. కొందరు గ్లాసు తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. పంకజం తీసుకుంది గాని ఆమె కళ్ళు కస్తూరి జడలోని పూల మీద ఉన్నాయి. జనార్దనం గారి కళ్ళూ అక్కడే నిలిచాయి. ఆయనకి చిన్నస్వామి దహనానికి వెళ్ళిన సంగతి గుర్తొచ్చినట్టుంది, ముఖం ముడుచుకుంది. చివరగా ఆనందన్ దగ్గరికి వచ్చింది. ఆయన కాఫీ తీసుకోకుండా, తమిళంలో, "మీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

"కస్తూరి సార్. ఈడ ల్యాబు అటెండర్ని."

ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మోసపోయినవాడి ముఖం అది, కస్తూరి దాన్ని ఎప్పటికీ మరిచిపోలేదు. ఆరేడుగురు టీచర్లు లేచి, అటెండరు దగ్గర పాఠం వినడానికా మేము వచ్చింది అని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కదలలేదు. గ్రహణం అద్దాలు మధ్యాహ్నం పంచుతామన్నారు, అవి లేకుండా పోవడం వాళ్ళకిష్టం లేదు. ఆనందన్ సెక్రటరీ వైపు తిరిగి, అద్దం పని సగంలో ఉంది, ఈవిడ పూర్తి చేయొచ్చా అని అడిగాడు. జనార్దనం గారు కుర్చీ లాక్కొని కూచున్నారు. కస్తూరి పళ్ళెం కిటికీలో పెట్టి, పూలు తీసి ఆ పళ్ళెంలోనే ఉంచి, మిగతా పని చూపించింది. ఆమె గొంతు ముందు వరసకి కూడా సరిగా వినపడలేదు.

పోయేముందు పంకజం గేటు దగ్గర ఆగింది.

"బ్యాంకులో పనిచేసే ఆయన?"

"ఆయన టీచర్ గారి భర్త. మా ఆయన పోయి ఏడేళ్ళయింది."

పంకజం బస్సు వైపు నడిచి వెళ్ళిపోయింది. తరవాత ఆమె నుంచి ఎన్నడూ కబురు లేదు.

వారం తిరక్కముందే సంఘం కూచుంది. భువనేశ్వరమ్మ ముందే వచ్చి కస్తూరికి విషయం చెప్పింది. నేను పంపినానని తెలిస్తే నా ఉద్యోగం, రాజలక్ష్మి పింఛను, స్కూలు గుర్తింపు అన్నీ ఇరకాటంలో పడతాయి, నీ అంతట నువ్వే పోయినావని రాసిస్తే నీ పని పోకుండా నేను చూస్తాను అంది. కస్తూరి అక్షయని తలుచుకుంది. ఆ పిల్ల ఏడో తరగతి ఈ స్కూల్లోనే చదువుతోంది, ఈ గదుల్లోనే పడుకుంటోంది. కాగితం మీద వాళ్ళు చెప్పినట్టు రాసింది. ఎవరికీ చెప్పకుండా టీచరు పేరుతో వెళ్ళానని, తప్పయిందని. కింద కస్తూరి అని సంతకం పెట్టింది. మీటింగులో ఒక పెద్దమనిషి పూల సంగతి కూడా ఎత్తాడు. ఆమె తల వంచుకొని నిలబడింది. ల్యాబు తాళంచెవి తీసేసుకున్నారు. ఇకనుంచి ఆఫీసు పని, గంట కొట్టడం, గదులు ఊడవడం. ల్యాబులో అడుగు పెట్టకూడదు.

ఆనందన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ పేరు మా పుస్తకాల్లో ఎక్కడా రాయలేను, మా నిబంధన ప్రకారం ఇది టీచర్లకి మాత్రమే, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చి ఉంటే నేను మిమ్మల్ని లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు, ఆ మాట నన్ను బాధపెడుతోంది అని రాశాడు. కస్తూరి దాన్ని బియ్యం డబ్బా కింద దాచింది.

గ్రహణం దీపావళి మర్నాడు వచ్చింది. స్కూలుకి సెలవు. వీధిలో తలుపులన్నీ మూసేశారు, కిటికీలకి దుప్పట్లు కట్టారు. గేటు తెరవొద్దని కాళిముత్తుకి గట్టిగా చెప్పి పోయారు. కస్తూరి కూడా గదిలోనే తలుపేసుకొని కూచుంది. గ్రహణంలో ముండమనిషి ఆవరణలో తిరిగిందని ఎవరన్నా చూసి చెబితే అది ఇంకో కంప్లయింటు. అక్షయ రెండుసార్లు అమ్మ ముఖం చూసింది, చూద్దామా అని మాత్రం అడగలేదు.

ఎనిమిది దాటాక గేటు చప్పుడైతే కస్తూరి బయటికి వచ్చి చూసింది. రాజలక్ష్మి. రెండు వీధుల అవతలి నుంచి, ఇంట్లో అత్తగారు అరుస్తున్నా వినకుండా నడిచి వచ్చింది. కాళిముత్తు తాళం తీయనన్నాడు.

"తియ్యొద్దులే. ఈడ్నుంచే చూస్తా" అంది రాజలక్ష్మి. కమ్మీల్లోంచి కస్తూరి వైపు చూసి, "ఎట్లా చూడాలో చూపించు" అంది.

కస్తూరి లోపలికి పోయి అక్షయ నోటుబుక్కు అట్ట చింపి, పిన్నీసుతో చిల్లు పొడిచింది. ఒక తెల్ల కాగితం కమ్మీల మధ్యనుంచి రాజలక్ష్మికి ఇచ్చింది. తూర్పు ఎండ స్కూలు మేడ మీదనుంచి గేటు మీద పడుతోంది. మబ్బు తొలిగేదాకా ఆగి, లోపలినుంచి అట్ట ఎత్తి పట్టుకుంది. బయట రాజలక్ష్మి చేతిలోని కాగితం మీద చిటికెనవేలి గోరంత నెలవంక పడింది. రాజలక్ష్మి దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ముఖం మీద చెమట, కళ్ళలో నీళ్ళు.

"ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టే రోజు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు."

"కాగితం కదిలించొద్దు టీచర్" అంది కస్తూరి.

అక్షయ వచ్చి తల్లి పక్కన నిలబడింది. కాళిముత్తు కూడా ఇటు చూసి మళ్ళీ అటు తిరిగాడు. మబ్బు వచ్చి నెలవంక పోయింది. కాసేపు చూసి రాజలక్ష్మి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత శనివారాలు హెడ్‌మిస్ట్రెస్ లేని పూట రాజలక్ష్మి ల్యాబు తాళం తీసి కస్తూరిని లోపలికి పిలిచేది. తొమ్మిదో తరగతి పిల్లలకి కస్తూరి చేసి చూపించేది, రాజలక్ష్మి చివరి బెంచీలో కూచుని చూసేది. రిజిస్టరులో మాత్రం రాజలక్ష్మి పేరే పడేది. తొంభై ఎనిమిదిలో గిండీ నుంచి వచ్చిన దరఖాస్తులో ఒక కొత్త వాక్యం ఉంది, ల్యాబు సహాయకులు కూడా రావచ్చని. అది ఆనందన్ రాయించినదో, ఇంకెవరైనా రాయించినదో కస్తూరికి తెలీదు. ఆమె దరఖాస్తు నింపి తీసుకుపోయింది. భువనేశ్వరమ్మ చదివి పక్కన పెట్టింది. నువ్వు రాసిచ్చిన కాగితం ఫైల్లో ఉంది, వాళ్ళు నీ గురించి రాసి అడిగితే నేను అదే పంపాలి అంది. కస్తూరి దరఖాస్తు వెనక్కి తీసుకొని వచ్చేసింది. తలుపు తెరిచింది వాళ్ళే, మూసింది తన సంతకమే.

తొంభై తొమ్మిది వేసవికి ముందు రాజలక్ష్మి రిటైరైంది. ఆవిడ స్థానంలో శ్రీకుమార్ అనే కుర్ర టీచరు వచ్చాడు. ఆ మే నెలలో శిక్షణకి అతని పేరే వెళ్ళింది. బయల్దేరే ముందురోజు అతను ఆఫీసు వరండాలో బెంచీ తుడుస్తున్న కస్తూరి దగ్గరికి వచ్చి, అద్దం అరగదీయడం గురించి మీకేదో తెలుసని పిల్లలు చెబుతున్నారు అన్నాడు.

"గరుకు పొడి మారేటప్పుడు డ్రమ్మంతా కడగండి సార్. పాత పొడి ఒక్క గింజ మిగిలినా గీత పడతాది. మధ్యలో నొక్కకండి. చప్పుడు వింటా ఉండండి."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

"మీరు ఎప్పుడు నేర్చుకున్నారు?"

"తొంభై ఐదులో సార్. గిండీలోనే."

"అట్లయితే వాళ్ళ లిస్టులో మీ పేరు ఉంటుంది కదా. మీ పేరు చెప్తాను."

"ఉండదు సార్" అంది కస్తూరి. ఎందుకుండదో అతను అడిగాడు. ఆమె తుడుపుగుడ్డ బెంచీ మీద పెట్టి, మొదటినుంచి చెప్పింది. అతను రాయడం ఆపేసి విన్నాడు. అంతా అయ్యాక, ఇంకా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగాడు. ఆమె అవన్నీ ఒక్కొక్కటే చెప్పింది, అతను ఒక్కొక్కటే రాసుకున్నాడు. మర్నాడు పొద్దున్న కాళిముత్తు గేటు తీసి అతన్ని పంపించి, మళ్ళీ తాళం వేశాడు.